నాయన, బీబీసీ కంప్యూటరు, తొమ్మిది పిన్నుల ప్రింటరు

డాట్ మాట్రిక్స్ ప్రింటర్ల కాలం పోయిందని ఎవరైనా అంటే, ఆ మనిషి ఈ మధ్య ధాన్యం లారీతో పాటు వేబ్రిడ్జి దాకా వెళ్ళలేదని అర్థం. మా నెల్లూరు జిల్లాలో రైసు మిల్లుల దగ్గర, రొయ్యలు కొనేవాళ్ళ దగ్గర, లారీ ఆఫీసుల్లో ఆ కీచుమనే చప్పుడు ఇంకా వినపడుతూనే ఉంది. కారణం పెద్ద రహస్యమేం కాదు. లేజరు ప్రింటరు కాగితం మీద పొడి అంటించి కాలుస్తుంది. ఇంకుజెట్టు సిరా చల్లుతుంది. రెండూ కాగితాన్ని కొట్టవు. డాట్ మాట్రిక్సు కొడుతుంది. కొట్టేది కాబట్టి కింద కార్బను పెడితే మూడు కాపీలు ఒకేసారి పడతాయి. మిల్లుకొకటి, డ్రైవరుకొకటి, రైతుకొకటి. ఒకే దెబ్బకి పడినవి గనక మూడింట్లోనూ అంకె ఒకటే ఉంటుందని అందరికీ నమ్మకం. ఆ నమ్మకానికి సాఫ్ట్‌వేరులో సరిసాటి ఏముందని నన్నడిగితే, డిజిటల్ సంతకాల గురించి ఒక గంట చెప్పగలను గానీ రైతు వినడు.

ఇదంతా ఎందుకంటే, ఈ వ్యాపారాల పుణ్యమా అని 1983లో వచ్చిన ఎప్సన్ ఎఫ్ఎక్స్-80 ప్రింటరుకి సరిపోయే రిబ్బను ఇవాళ నెల్లూరు ట్రంకు రోడ్డులో దొరుకుతుంది. 8750 నంబరు రిబ్బను. ఎల్ఎక్స్-300కి వేసేదే దానికీ పడుతుంది. షాపతను ఏ ప్రింటరుకి అని కూడా అడగలేదు. నలభై ఏళ్ళ నాటి కంప్యూటరు సామానుకి పక్క ఊళ్ళో విడిభాగం దొరకడం అంటే మాటలు కాదు. నేను పనిచేసే చోట నాలుగేళ్ళ నాటి లైబ్రరీకి దిక్కు లేదు.

ఇక అసలు విషయం. మా నాయన లెక్కల మాస్టారు. కావలి దగ్గర, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. 1984లో కేంద్ర ప్రభుత్వం బళ్ళలో కంప్యూటర్లు పెట్టాలని 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. కంప్యూటర్ లిటరసీ అండ్ స్టడీస్ ఇన్ స్కూల్స్ అని పూర్తి పేరు. మొదట 250 బళ్ళు, తరవాత మరికొన్ని. ఆ పథకానికి ఎంచుకున్న యంత్రం బీబీసీ మైక్రో. రేడియో బీబీసీయే. బ్రిటన్లో జనానికి కంప్యూటర్లు నేర్పే టీవీ కార్యక్రమం కోసం కేంబ్రిడ్జిలో ఉన్న ఏకార్న్ అనే కంపెనీ చేత 1981లో చేయించింది. 6502 ప్రాసెసరు, 2 మెగాహెర్ట్జులు, 32 కిలోబైట్ల మెమరీ. తరవాత మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ లైసెన్సు తీసుకుని ఇక్కడే తయారుచేసింది కూడా. (అన్నట్టు, అదే ఏకార్న్‌లో అదే బృందం తరవాత చేసిన ప్రాసెసరు పేరు ఏఆర్ఎమ్. మీ జేబులో ఫోనుందా? అదే.)

మా నాయన పనిచేసే బడికి ఆ కంప్యూటరు, ఒక ఎఫ్ఎక్స్-80 ప్రింటరు వచ్చాయి. మిగతా అయ్యవార్లు దాన్ని ముట్టుకోడానికి భయపడితే ఈయనకి తాళంచెవి దక్కింది. తొంభైల చివర్లో పీసీలు వచ్చాక పాతవాటిని కండెం చేసి వేలం వేశారు. మా నాయన పాడుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. అమ్మ అప్పుడు ఏమందో ఇక్కడ రాయడం కుదరదు. అప్పట్నించీ రెండూ అటక మీద, గోనెసంచుల కింద.

సంగతేమిటంటే, 1989 నవంబరు 8, 9 తేదీల్లో కావలి తుఫాను వచ్చింది. థాయిలాండులో 'గే' అనే పేరుతో పుట్టి, నవంబరు 4న అక్కడి తీరం దాటి, ఆ భూభాగం మీదుగా మన బంగాళాఖాతంలోకి వచ్చి, బలం తగ్గడానికి బదులు పెంచుకుని నేరుగా కావలి దగ్గర తీరం దాటిన తుఫాను. మా వైపు పెద్దవాళ్ళకి ఇప్పటికీ వయసులు లెక్కపెట్టడానికి అదే గుర్తు. "తుఫాను నాటికి వాడు చంకబిడ్డ" అంటారు. ఊళ్ళో పాకలన్నీ పోయాయి. ఎవరిది పూర్తిగా పడింది, ఎవరిది సగం పడింది అని జాబితా కావాలి. బడి అయ్యవారు గనక జాబితా పని మా నాయన మీద పడింది.

చేత్తో రాసి ఇస్తే అయిపోయేది. కానీ చేత్తో రాసిన జాబితా ఎన్ని చేతులు మారితే అన్ని మార్పులు. పైగా కంప్యూటరు ఉంది. కంప్యూటరులో ఇంగ్లీషే ఉంది. ఇంగ్లీషులో పేర్లు కొట్టి గుడి గోడకి అంటిస్తే చదువుకునేదెవరు? మా నాయన ఏం చేశాడంటే, తెలుగు అక్షరాలు గ్రాఫు కాగితం మీద గళ్ళు నింపి గీశాడు. ఒక్కో నిలువు వరసని ఒక సంఖ్యగా మార్చాడు. ఆ సంఖ్యలు బేసిక్ ప్రోగ్రాములో డేటా వాక్యాలుగా కొట్టాడు. 1990లో మా ఊరి గుడి గోడ మీద కంప్యూటరు కొట్టిన తెలుగు జాబితా అంటించారు. జనం తమ పేర్లు తామే చదువుకుని, తప్పులుంటే వచ్చి చెప్పి దిద్దించుకున్నారు. ఆ తరవాత దాన్ని ఒక ఆఫీసులో ఇస్తే, "ఇదేందయ్యా, ఫారంలో చేత్తో రాసి తీసుకురా" అన్నారట. ఆయన మళ్ళీ చేత్తో రాసిచ్చాడు. నాకు ఆ వయసులో ఇవేమీ తెలియవు. రిబ్బను తిరుగుతుంటే చూడటానికి బడికి వెళ్ళేవాణ్ణి, అంతే.

ఇప్పుడాయనకి డెబ్బయి తొమ్మిది. రెండు కళ్ళకీ గ్లకోమా. మా వైపు నీటికాసులు అంటారు. పోయిన చూపు రాదు, ఉన్నది నిలుపుకోడమే అన్నారు డాక్టరు. పోయిన సంక్రాంతికి నేను ఇంటికెళ్ళినప్పుడు మా వీధి చివరి కుర్రాడొకడు వచ్చాడు. వాళ్ళ తాత పేరు తుఫాను జాబితాలో ఉందా అని అడగడానికి. కాగితంతో పనేమీ లేదు, ఊరికే చూడాలని ఉంది అన్నాడు. వాళ్ళింట్లో తాత ఫోటో కూడా లేదట. "ఉండాదిరా, నేనే కొట్టినా" అన్నాడు మా నాయన. కాగితం మాత్రం లేదు. గ్రాఫు పుస్తకం చెదలు తినేసింది. మిగిలింది ఒక ఆడియో క్యాసెట్టు. వాడు వెళ్ళాక నాతో, "అబ్బయా, నాకు కనపడేటప్పుడే దాన్ని ఒకసారి కొట్టించరాదూ" అన్నాడు. మా నాయన నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

మీలో చాలామంది ఈపాటికి అనుకుంటూ ఉంటారు, ఎమ్యులేటరు ఉంది కదా అని. నిజమే. నేనూ మొదట చేసింది అదే. క్యాసెట్టుని ల్యాప్‌టాపులోకి రికార్డు చేశాను. సముద్రపు గాలికి టేపు మీద బూజు పట్టి ఉంది. మెత్తటి గుడ్డతో తుడుస్తూ మెల్లగా చుట్టి, మూడుసార్లు రికార్డు చేస్తే ఒకటి బాగా వచ్చింది. ఎమ్యులేటరులో లోడయింది. ప్రింటరుకి పోవాల్సిన బైట్లన్నీ ఒక ఫైల్లో పడ్డాయి. చిన్న పైథాన్ ప్రోగ్రాముతో వాటిని బొమ్మగా మార్చి, పెద్దది చేసి, మా నాయనకి టాబ్లెట్ మీద చూపించాను. ఆయన దగ్గరగా పెట్టుకుని చూశాడు. "బాగుండాది. కానీ ఇది నువ్వు గీసింది గదరా" అన్నాడు.

కాదు నాయనా, బైట్లు మీవే, నేను చుక్కలు పెట్టానంతే అన్నాను. ఆయన వాదించలేదు. టాబ్లెట్ పక్కన పెట్టి కాఫీ తాగాడు. వాదించకపోవడమే ఆయన వాదన. ఆలోచిస్తే ఆయన మాటలో న్యాయం ఉంది. నా బొమ్మలో చుక్కలు గుండ్రంగా లేవు, చతురస్రాలు. అడ్డంగా, నిలువుగా దూరాలు ఒకటే అనుకుని గీశాను. ఎఫ్ఎక్స్-80లో మామూలు గ్రాఫిక్సుకి అంగుళానికి అడ్డంగా 60 చుక్కలు, నిలువుగా 72. కాబట్టి అసలు కాగితం మీద అక్షరాలు నా బొమ్మలో కన్నా కాస్త లావుగా ఉండాలి. గ్రాఫు కాగితం మీద సన్నగా గీసినవి ప్రింటులో లావయ్యాయని ఆయనకి తెలుసు, ఆ లావు అక్షరాలే ఆయన గుర్తుపెట్టుకున్నవి.

సరే, అటక దించాం.

మీకెవరికైనా ఇలాంటి పాత యంత్రం దొరికితే ఒకటే చెబుతా: ముందు ప్లగ్గు పెట్టకండి. ఆ కాలం పవర్ సప్లైల్లో కరెంటు లోపలికొచ్చే చోట గందరగోళపు సిగ్నళ్ళని వడగట్టడానికి కాగితం పొరలతో చేసిన కెపాసిటర్లు ఉంటాయి. పైన పసుపుపచ్చటి గాజులాంటి ప్లాస్టిక్ తొడుగు. ఏళ్ళ తరబడి ఆ తొడుగు పగుళ్ళిస్తుంది, లోపలి కాగితం గాలిలో తేమ పీలుస్తుంది. ఒక పావుగంట బాగానే పనిచేసి, తరవాత టపాకాయలా పేలి ఇల్లంతా పొగ పెడుతుంది. మామూలు ఊళ్ళలోనే అలా ఉంటే, గోడకి కొట్టిన మేకు రెండేళ్ళకి తుప్పు పట్టే మా ఊళ్ళో చెప్పేదేముంది. మూత విప్పి చూస్తే రెండూ పగిలి ఉన్నాయి. ప్లాస్టిక్ ఫిల్ము రకం కొత్తవి వేశాను. కంప్యూటరు ఆన్ చేస్తే "బీ...బీప్" అని రెండు స్థాయిల్లో కూసింది. ఆ కూత వినగానే పక్క గదిలోంచి "లేచిందా?" అని కేక. అంతే, కంప్యూటరు గురించి ఇంకేం చెప్పక్కర్లేదు. నాలుగు కీలు మొరాయించాయి, తుడిస్తే బాగయ్యాయి.

ప్రింటరు అలా కాదు. అది కంప్యూటరు కన్నా ఎక్కువ ప్రాణమున్న జంతువు. తల అటూ ఇటూ పరిగెత్తే ఇనప కడ్డీ మీద గ్రీజు గట్టిపడి జిగురైపోయింది. కరెంటు లేనప్పుడు చేత్తో తోస్తే తల మెత్తగా జరగాలి. ఇది సిమెంటులో పాతినట్టుంది. పాత గ్రీజంతా తుడిచి, కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేశాను. ఎక్కువ వేస్తే దుమ్ము పట్టి మళ్ళీ మొదటికొస్తుంది. కాగితం అయిపోయిందని కనిపెట్టే చిన్న మీట తుప్పుకి బిగుసుకుపోయి, కాగితం పెట్టినా లేదనే చెబుతోంది. దాన్నీ కదిలించాను.

ఇప్పుడు ఎప్సన్ వాళ్ళ పద్ధతి ఒకటి చెప్పాలి, నాకు బాగా నచ్చింది. లైన్ ఫీడ్ బటను నొక్కి పట్టుకుని పవరు ఆన్ చేస్తే, కంప్యూటరుతో సంబంధం లేకుండా ప్రింటరు తనకొచ్చిన అక్షరాలన్నీ తానే కొట్టి చూపిస్తుంది. దాంతో తప్పు ప్రింటరుదా, బయటిదా అనేది అర నిమిషంలో తేలిపోతుంది. మేం కొట్టించాం. అక్షరాలొచ్చాయి. కానీ ఇంగ్లీషు హెచ్ మధ్య గీత లేక రెండు కర్రలయింది. ఈ అక్షరానికీ మధ్య గీత లేదు. అంటే పైనుంచి నాలుగో పిన్ను కొట్టడం లేదు.

పిన్ను కొట్టకపోడానికి మూడు కారణాలుండొచ్చు. దాని చుట్ట కాలిపోయి ఉండాలి, దానికి కరెంటు ఇచ్చే ట్రాన్సిస్టరో మధ్యలో రిబ్బను వైరో పోయి ఉండాలి, లేదా పిన్నే ఇరుక్కుని ఉండాలి. మొదటిది తేల్చడం తేలిక. తొమ్మిది చుట్టలకీ మల్టీమీటరు పెట్టి చూస్తే తొమ్మిదీ ఒకేలా చూపించాలి. చూపించాయి. ఎంత ఉండాలో మనకి తెలియక్కర్లేదు, తొమ్మిదిమందీ ఒకే సాక్ష్యం చెబితే చాలు. వైరు తెగి ఉంటే తల కదిలే కొద్దీ ఒకసారి కొట్టి ఒకసారి కొట్టకుండా పోతుంది. ఇది ఎక్కడా కొట్టలేదు. ట్రాన్సిస్టరుని పక్కవాటితో పోల్చి చూస్తే తేడా లేదు. ఇక మిగిలింది ఇరుక్కోవడం. తల ఊడదీసి, దాని మూతి మాత్రం మునిగేలా ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ఒక రాత్రి నిలబెట్టాను. కావలిలో సెల్ రిపేరు షాపులో దొరుకుతుంది. పొద్దున్నే గిన్నె అడుగున నల్లటి సిరా దిగి ఉంది. "స్టాంపు ప్యాడు సిరా పోసుంటారు ఎవరో" అన్నాడు మా నాయన. ఆ రోజుల్లో రిబ్బను ఎండిపోతే అందరూ చేసే పనే. ప్రింటరు రిబ్బను సిరాలో పిన్నులు జారడానికి నూనె కూడా ఉంటుంది, స్టాంపు సిరాలో ఉండదు. తుడిచి పెట్టేసరికి హెచ్‌కి నడుం వచ్చింది.

ఇక కేబులు కలిపి, కంట్రోల్-బి నొక్కి, ఇంగ్లీషులో హలో అని కొట్టాను. ప్రింటరు 'లెల్లో' అంది!

మా నాయన పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఏమీ రాకపోతే వెతకాల్సింది వంద చోట్ల. తప్పుగా వస్తే, ఆ తప్పే దారి చూపిస్తుంది. లైన్ ఫీడు, ఫామ్ ఫీడు బటన్లు రెండూ కలిపి నొక్కి ప్రింటరు ఆన్ చేస్తే అది అక్షరాలు కొట్టడం మానేసి, తనకి వచ్చిన ప్రతి బైటునీ అంకెల్లో కొడుతుంది. హెక్స్ డంప్ అంటారు. ఇంగ్లీషు మొదటి నాలుగక్షరాలు పంపాను. హెక్సులో 41, 42, 43, 44 రావాలి. 45, 46, 47, 44 వచ్చాయి. ఇది చదువుతున్న ప్రోగ్రామర్లు ఈ వాక్యం దగ్గర ఆగి, ముందుకెళ్ళకుండా ఒక నిమిషం ఆలోచించండి, సరదాగా ఉంటుంది.

నాలుగు విలువున్న బిట్టు ఎప్పుడూ ఒకటే. 41కి నాలుగు కలిస్తే 45. 44లో ఆ బిట్టు ముందే ఉంది కాబట్టి మారలేదు. హలోలో హెచ్ ఒక్కదాంట్లోనే ఆ బిట్టు సున్నా, మిగతా నాలుగక్షరాల్లో ఒకటే ఉంది. అందుకని లెల్లో. ఆ కాలపు చిప్పుల్లో ఇన్‌పుట్ తీగ ఎక్కడికీ కలవకుండా వేలాడుతుంటే దాన్ని ఒకటి కిందే చదువుకుంటాయి. అంటే ఆ బిట్టు మోసే తీగ ఎక్కడో తెగింది. ఫ్లాట్ కేబులులో మొదటిది స్ట్రోబు, తరవాత ఒకటి వదిలి ఒకటి డేటా. కాబట్టి ఏడో తీగ. మల్టీమీటరు పెడితే సరిగ్గా ఏడోదే పలకలేదు. బీబీసీ మైక్రోలో ప్రింటరు కనెక్టరు కింది వైపు ఉంటుంది. అటక మీద చెక్క చెమ్మంతా దానికే పట్టి, కనెక్టరు పళ్ళు చిలుం పట్టి పచ్చబడ్డాయి. ఏడో పన్ను పూర్తిగా తినేసింది.

ఇంకో సంగతి ఇక్కడే తేలింది. ఆ ఒక్క తీగ వల్ల ఇంగ్లీషు జాబితా అయితే తప్పులతోనైనా చదవొచ్చు. తెలుగు అసలు రాదు. ఎందుకంటే ఎప్సన్ ప్రింటరుకి ఏ ఆజ్ఞ ఇవ్వాలన్నా ముందు ఎస్కేప్ పంపాలి, దాని సంఖ్య 27. ఆ బిట్టు కలిస్తే 31 అవుతుంది. ప్రింటరు దాన్ని పట్టించుకోదు. గ్రాఫిక్సు మొదలవదు, మా నాయన గీసిన అక్షరాలు చెత్త గుర్తులై పేజీలకి పేజీలు పారతాయి. కొత్త లైనుకి వెళ్ళమనే 10 కాస్తా 14 అవుతుంది. అది పెద్దక్షరాలు మొదలుపెట్టమనే ఆజ్ఞ! ఒక్క తీగ.

పినాకినీ ఎక్కి మద్రాసు వెళ్ళాను. మా నెల్లూరు వాళ్ళకి ఎలక్ట్రానిక్సు అంటే రిచీ స్ట్రీటే. 26 పిన్నుల కనెక్టరు మొదటి షాపులోనే దొరికింది. అవతలి వైపు 36 పిన్నుల సెంట్రానిక్సు కనెక్టరుకి మూడు గంటలు తిరిగాను. చివరికి ఒక పెద్దాయన మెట్ల కింద డబ్బాలోంచి తీసి, "ఎన్న సార్, మ్యూజియమా?" అని అడిగాడు. అవునన్నాను, వివరించే ఓపిక లేక. కొత్త కేబులు పెట్టాక హలో హలోలాగే వచ్చింది. కాకపోతే అన్ని లైన్లూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బీబీసీ మైక్రో మామూలుగా లైన్ ఫీడుని ప్రింటరుకి పంపదు, ప్రింటరే చూసుకుంటుందిలే అని మింగేస్తుంది. మింగకు అని చెప్పడానికి స్టార్ ఎఫ్ఎక్స్ 6,0 అని కొట్టాలి. నేను పుస్తకం వెతుకుతుంటే మా నాయన మంచం మీంచే చెప్పాడు. ముప్పై అయిదేళ్ళ తరవాత. నిన్న ఏం తిన్నాడో గుర్తుండదు ఆయనకి.

నాకొక అభిప్రాయం ఉంది, మీకు నచ్చకపోవచ్చు. ఈ మొత్తం పనిలో నేను ఎక్కడా ఊహించాల్సిన పని పడలేదు. ప్రతి మెట్టు దగ్గరా యంత్రం తనకేం వచ్చిందో దాచకుండా చెప్పింది. ఇవాళ ఇంట్లో ఉండే మామూలు ప్రింటరు పనిచేయకపోతే ఏం చెబుతుంది? "ప్రింటరు అందుబాటులో లేదు." ఎందుకు లేదు, ఎవరికి లేదు, అడిగే దిక్కులేదు. మేం రాసే సాఫ్ట్‌వేరూ అంతే. "ఏదో పొరపాటు జరిగింది, కాసేపాగి ప్రయత్నించండి" అని అందమైన బొమ్మతో చూపిస్తాం. ఆ కాసేపట్లో ఏం మారుతుందో రాసినవాడికే తెలియదు. రెండు బటన్లు నొక్కితే లోపలికి వచ్చింది వచ్చినట్టు కక్కే సదుపాయం ఎనభైల్లో ఒక ఆఫీసు ప్రింటరుకి ఉంది. మా ఆఫీసులో ఇలాంటిది పెడదామంటే "యూజరుకి అర్థం కాదు" అంటారు. లెక్కల మాస్టారుకి అర్థమయింది మరి.

ప్రోగ్రాము గురించి కూడా కొంచెం చెప్పాలి. మామూలు గ్రాఫిక్సులో ప్రింటరు ఒకసారికి ఎనిమిది చుక్కల ఎత్తే కొడుతుంది. ఇంగ్లీషుకి చాలు. తెలుగుకి పైన తలకట్టు, గుడి, ఏత్వం, కింద వత్తు. మా నాయన మూడు దఫాలుగా కొట్టించాడు. రెండు దఫాలు అక్షరానికి, మూడోది వత్తుకి. వెడల్పు పదహారు గళ్ళు. అంటే అక్షరానికి 48 బైట్లు. 36 హల్లులకి పన్నెండేసి గుణింతాలు వేసుకుంటే 432 రూపాలు, 20,736 బైట్లు. ఉన్న మెమరీయే 32 కిలోబైట్లు, డేటా వాక్యాల్లో అంకెలుగా రాస్తే మూడింతలవుతుంది. కాబట్టి ఆయన అన్నీ గీయలేదు. జాబితాలో ఉన్న పేర్లు ముందు చేత్తో రాసుకుని, ఆ పేర్లలో వచ్చే అక్షరాలే గీశాడు. పేర్లను తను పెట్టుకున్న సంఖ్యల్లో దాచాడు. అప్పటికే భారతీయ భాషలకి ఇస్కీ అనే ప్రమాణం ఒక రూపానికి వచ్చింది, కాన్పూరు ఐఐటీలో పుట్టి సీడాక్ చేతికొచ్చిన జిస్టు కార్డుతో పీసీల్లో తెలుగు కనపడేది. 1991లో వచ్చిన మొదటి యూనికోడులోనే తెలుగు ఉంది. ఇవేవీ మా ఊరికి తెలియవు. తెలిసినా ఆ కార్డు బీబీసీ మైక్రోకి పట్టేది కాదు. ఆయన అక్షరం సంఖ్యలు ఆయనకే తెలుసు. అందుకే ఆ లిస్టింగు చదివితే ఒక్క పేరూ కనపడదు. కాగితం మీద పడితేనే పేర్లు.

కాగితం మీద పడ్డాయి. చిల్లుల కాగితం, నాలుగు షీట్లు. వరసకి మూడు దఫాలు గనక ఒక్కో పేరూ ముక్కలు ముక్కలుగా పుడుతుంది. ముందు తలకట్లు, తరవాత అక్షరం, తరవాత వత్తు. మా నాయన కుర్చీ దగ్గరకి లాక్కుని, కాగితం పైకి వచ్చే కొద్దీ మొహం ఆనించి చదివాడు. ఒక్కో పేరూ పైకి చదువుతూ, "పోయినాడు", "మద్రాసులో ఉండాడు", "ఈమె కొడుకే గదా మన సర్పంచి" అంటూ పోయాడు. కళ్ళు అలిసిపోతే కాగితం వెనక వేలితో తడిమాడు. పిన్నులు కొట్టిన గుంటలు వెనకవైపు బుడిపెల్లా తగులుతాయి.

ఆ కుర్రాణ్ణి పిలిపించాం. వాళ్ళ తాత పేరు మూడో షీటులో ఉంది. ఇల్లు 'పూర్తిగా' అని ఎదురుగా. వాడు చాలాసేపు చూసి, "అయ్యోరా, మా ఇంటిపేరులో ల కాదు, ళ" అన్నాడు.

మా నాయన ఒక్క క్షణం ఆగి, "తెలుసురా అబ్బయా. ళ గీయలా అప్పుడు. మీ ఒక్క ఇంటికోసం మళ్ళీ గ్రాఫు కాయితం ఎవురు తెస్తారని ల తోనే కానిచ్చినా. మీ తాతకి చెప్పినా గూడా. పోనీలే అయ్యోరా అన్నాడు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన నన్ను బజారుకి పంపి గ్రాఫు పుస్తకం తెప్పించుకున్నాడు. లావు గీతల స్కెచ్ పెన్నుతో, కాగితానికి జానెడు దూరంలో మొహం పెట్టి, రెండ్రోజుల పాటు ళ గీశాడు. మొదటిది నచ్చలేదు. రెండోదాంట్లో కుడివైపు చుట్ట పదహారు గళ్ళలో పట్టలేదు. మూడోది కుదిరింది. ఆయన వరస చదువుతుంటే నేను పై గడికి 128, తరవాతి గడికి 64 అంటూ కూడి, ఇంకో డేటా లైను కొట్టాను. ఆ కుర్రాడి తాత పేరులో సంఖ్య మార్చాం. మూడో షీటు మళ్ళీ కొట్టించాం, కార్బను పెట్టి రెండు కాపీలు. ఒకటి వాడికి, ఒకటి మాకు.

ప్రోగ్రాము ల్యాప్‌టాపులో దాచాను గానీ మా నాయన ఒప్పుకోవడం లేదు, క్యాసెట్టులో కూడా సేవ్ చేయాలంటున్నాడు. పాత టేపు మీద మళ్ళీ రికార్డు చేయడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ఖాళీ ఆడియో క్యాసెట్టు, అరవై నిమిషాలది, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి.